యంత్రానికి జలాభిషేకం

జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటి దక్షిణంగా వచ్చేవారికి కోనసీమ మొదటి గడప రావులపాలెం. ఇటు గౌతమి, అటు సిద్ధాంతం వద్ద వశిష్ఠ. రెండు పాయల నడుమ, జాతీయ రహదారి మీద, అరటి గెలలతో నిత్యం కళకళలాడే ఊరు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత అని పేరు చెప్పగానే రుచి నాలుక మీదికి వచ్చే గెలలు ఇక్కడి మార్కెట్టు నుండి లారీలకెక్కి పొరుగు రాష్ట్రాలకు పోతూ ఉంటవి. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తూర్పుగోదావరి నుండి విడివడి కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఈ ఊరు చేరినది. చుట్టూ నీరే. అయినను వేసవి వచ్చినదంటే ఈ నీటి నడుమనే మనిషి ఉడికిపోతాడు. ఎండ ఒక ఎత్తు, గాలిలోని తేమ వేరొక ఎత్తు. చెమట పడుతుందే గాని ఆరదు.

మనిషి సంగతి ఇట్లుండగా, ఆ మనిషి బల్ల మీది కంప్యూటరు సంగతి ఏమిటి? అది ఎంత గొప్ప లెక్క కట్టినా, ఎంత సొగసైన బొమ్మ చూపినా, పుచ్చుకొన్న విద్యుత్తునంతటిని చివరకు వేడిగా మార్చి గదిలోనికి వదలవలసినదే. 300 వాట్లు తాగిన యంత్రం 300 వాట్ల కుంపటి. ఇందుకు మినహాయింపు లేదు. అందులోను ఆ వేడి పుట్టే చోటు మిక్కిలి ఇరుకైనది. బొటనవేలి గోరంత సిలికాను పలుకులో నూటయాభై వాట్లు పుడుతూ ఉంటే, అంగుళానికి అంగుళం పోల్చి చూచినప్పుడు ఇస్త్రీపెట్టె అడుగు కన్న దాని తాపమే పదిరెట్లు అధికమని తేలుతుంది. ఆ తాపాన్ని వెంటవెంటనే తరలించకపోతే, సుమారు 95, 100 డిగ్రీల వద్ద ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. మే నెల ముహూర్తాల రద్దీలో స్టూడియోవారు కూర్చే పెండ్లి వీడియో మంగళసూత్రం దగ్గరనే నిలిచిపోతుంది.

ఈ వేడిని మోసుకొనిపోయే పనికి సామాన్యంగా గాలినే నియమిస్తారు. రాగి, అల్యూమినియం రేకులు, వాటి మీద ఒక పంకా; అంతే. కాని గాలి బక్కచిక్కిన కూలివాడు; ఒక్కసారికి మోసే బరువు స్వల్పం. ఒకే ఘనపరిమాణం గల గాలిని, నీటిని తీసుకొని రెండింటి వేడిమిని ఒక్కొక్క డిగ్రీ పెంచవలెనంటే, గాలి కన్న నీటికి సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడి కావలెను. అనగా నీరు అంత వేడిని మోయగలదన్నమాట. ప్రాసెసరు నెత్తిన చిన్న రాగి దిమ్మెను కూర్చి, దాని లోపలి సన్నని చాళ్లలో నీటిని పారించి, ఆ నీటిని పంపు ద్వారా రేడియేటరుకు పంపి, అక్కడ పంకాలతో చల్లార్చి మరల దిమ్మెకు తెచ్చుట: జలశీతల కంప్యూటరు అంటే ఇంతే. శివాలయంలో ధారాపాత్ర నుండి లింగం మీద నీరు పడినట్లు ఇక్కడను అభిషేకం అఖండంగా సాగుతూనే ఉంటుంది. భేద మొక్కటే. అక్కడ దేవుడు తడియవలెను, ఇక్కడ తడియరాదు. తడిసిన మరుక్షణం పూజ ముగిసినట్లే.

అట్టి యంత్రాన్ని రేకు పెట్టెలో మూసి ఉంచక, అంగాంగం కనబడేటట్లు తెరచి నిలిపే చట్రమే టెస్ట్ బెంచి. తెలుగులో పరీక్షాపీఠ మనవచ్చును. కాని వడ్రంగికి చెప్పవలసి వచ్చినప్పుడు రెండంతస్తుల బల్ల అంటే చాలును. విడిభాగాలను మార్చి మార్చి చూచేవారికి, రిపేరు చేసేవారికి, యంత్రం లోపలి నడకను కంటితో చూచి నేర్చుకొనేవారికి అది తగిన సాధనం. అంగడిలో సిద్ధంగా దొరకవచ్చును; ఇంట చేసుకొనుటయే మేలనుటకు కారణాలున్నవి.

పాత విద్య

నీటితో యంత్రాన్ని చల్లార్చుట గోదావరి డెల్టాకు కొత్త కాదు. ధాన్యం మిల్లులలో ఆయిలు ఇంజన్లు నడిచిన కాలంలో ఇంజను పక్కనే ఒక నీటి తొట్టి ఉండేది. సిలిండరు చుట్టు కవచంలో వేడెక్కిన నీరు తేలికయై తనంత తానే పైకి లేచి తొట్టిలో చేరేది. తొట్టి అడుగున ఉన్న చల్లని నీరు ఆ ఖాళీలోనికి వచ్చేది. పంపు లేదు, పంకా లేదు. నీటి స్వభావమే పని చేసేది. కాలువ గట్టున పొలానికి నీరు తోడే ఇంజను మరింత గడుసుది. తాను తోడే నీటిలోనే ఒక పాయను తన కవచంలోనికి మళ్లించుకొని చల్లబడేది. నేడు రావులపాలెం మీదుగా పోయే లారీల ముందు భాగాన ఉన్న రేడియేటరు అదే విద్యకు పై మెట్టు. 1990ల చివర కంప్యూటరు ప్రియులు ఈ పనికి పూనుకొన్నప్పుడు మొదట వాడుకొన్నవి కార్లలోని చిన్న రేడియేటర్లు, చేపల తొట్లలోని పంపులు. ఇంట ఉన్న వస్తువులతోనే ఆ కళ ఆరంభమైనది. అంగడి సరుకు తరువాత వచ్చినది.

పెద్ద కంప్యూటర్లలో ఈ పద్ధతి అంతకన్న పాతది. ఐ.బి.ఎం. సంస్థ 1960లలో నిర్మించిన సిస్టం 360 మోడల్ 91 నీటితో చల్లబడేది. 1985లో వచ్చిన క్రే-2 మరింత వింత యంత్రం. దాని సర్క్యూట్లు విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ద్రవంలో మునిగియుండేవి. 1990లలో తక్కువ విద్యుత్తుతో నడిచే చిప్పులు రావడంతో పెద్ద యంత్రాలు మరల గాలికి మళ్లినవి. కాని వేగం పెరిగినకొద్ది వేడియు పెరిగి, తిరిగి నీటినే ఆశ్రయించవలసి వచ్చినది. 2010లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరాన ఇ.టి.హెచ్. విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన అక్వాసార్ అనే యంత్రాన్ని 60 డిగ్రీల వేడినీటితో చల్లార్చి, ఆ నీటి వేడిని భవనాలను వెచ్చపరచుటకు వినియోగించినారు. వేడినీటితో చల్లార్చుటయా అని ఆశ్చర్యపడనక్కరలేదు. చిప్పు 80 డిగ్రీల మీద ఉన్నప్పుడు 60 డిగ్రీల నీరు దానికి చలువే. ఎండలు మండే దేశాలకు ఇందులో ఒక పాఠమున్నది.

యంత్రాన్ని కొనుటతో తృప్తిపడక కట్టుకొనే ధైర్యంలోను డెల్టాకు పూర్వులున్నారు. భారతదేశంలో రూపొందిన తొలి కంప్యూటర్లలో ఒకటైన టిఫ్రాక్ 1960లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చిలో పని ప్రారంభించినది; సుమారు 2,700 శూన్యనాళాలతో మనవారే కట్టుకొన్న యంత్రమది. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. దానికి మూలపురుషులు అయ్యగారి సాంబశివరావు గారు. 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించినవారు. ఆ సంస్థ నుండి 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడినది. మూసి అమ్మే సరుకును కొని వాడుట వేరు, దాని కడుపులో ఏమున్నదో ఎరిగి కట్టుట వేరు అన్న వివేకం ఆ తరానిది. నేడు ఊరూర కంప్యూటరు చదువులున్నవి. అయినను పట్టా పుచ్చుకొనేనాటికి మదర్‌బోర్డును చేత పట్టి చూడని విద్యార్థులు అరుదు కారు. ఇంట చేసిన బల్ల విలువ ఇక్కడ ఉన్నది.

కొలత, చెక్క, మర

రావులపాలెంలో ఇట్టి బల్ల కట్టదలచినవారు సామగ్రి కోసం దూరం పోనక్కరలేదు. చెక్కకు వడ్రంగి, పట్టీలకు అల్యూమినియం కిటికీలు చేసే దుకాణం, మరలకు ఇనుపసామానుల అంగడి ఉన్నవి. రాగి దిమ్మె, సన్నని రేడియేటరు, పంపు, వాటి అతుకులు మాత్రం పెద్ద నగరాల నుండి తెప్పించుకోవలెను.

మొదట కొలతలు. ఇంటెల్ సంస్థ 1995లో ప్రకటించిన ఎ.టి.ఎక్స్. ప్రమాణం ప్రకారం మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. ముప్పది యేండ్లు గడచినను ఆ కొలత చెక్కుచెదరలేదు కనుక నేడు కట్టిన బల్ల రేపటి యంత్రానికీ పనికివస్తుంది. పై పలక 40 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలును. విద్యుత్ సరఫరా పెట్టె ఎత్తు 86 మిల్లీమీటర్లు. తీగలు చేతికందవలెను గనుక రెండు పలకల నడుమ 15 సెంటీమీటర్ల ఎడముంచుట మంచిది. మూడు పంకాలు పట్టే రేడియేటరు సుమారు 40 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానిని ఒక పక్క నిలువుగా ఆనించి అల్యూమినియం పట్టీలతో బిగించవచ్చును.

చెక్క టేకైతే శ్రేష్ఠం. పొట్టును అదిమి చేసిన బోర్డు చవుకయే గాని నీటిచుక్క పడితే ఉబ్బుతుంది; నీటి యంత్రానికి అది తగదు. చెక్కలో మరొక సుగుణమున్నది. అది విద్యుత్తును ప్రసరింపనీయదు. అయినను మదర్‌బోర్డును చెక్కకు ఆనించి బిగించరాదు. దాని వెనుక టంకపు మొనలుంటవి. వాటికి గాలి ఆడవలెను. రంధ్రాల కింద పొట్టి ఇత్తడి స్తంభాలు నిలిపి, వాటి మీద మరలు బిగించవలెను. స్థానాలు గుర్తించుటకు బోర్డును కాగితం మీద పెట్టి, రంధ్రాల గుండా పెన్సిలుతో చుక్కలు పెట్టుకొని, బోర్డును దూరంగా తీసివేసిన తరువాతనే బరమా పట్టవలెను. తొందరపడి బోర్డు మీదుగా బరమా తిప్పినవారికి రెండు రంధ్రాలు పడతవి, ఒకటి చెక్కకు, ఒకటి జేబుకు.

గ్రాఫిక్సు కార్డులు కొన్ని కిలోగ్రాముకు పైగా తూగుతవి. రేకు పెట్టెలో వాటి వీపును పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. తెరచిన బల్లకు ఉండదు. ఆ లోటు తీర్చుటకు వెనుకవైపు ఒక అల్యూమినియం పట్టీని నిలబెట్టి, 20.32 మిల్లీమీటర్ల ఎడముతో మర రంధ్రాలు చేయవలెను. ఇది మరచిన బల్ల వెదురు గెడ ఆసరా లేని అరటిచెట్టు వంటిది. గెల బరువెక్కినకొద్ది వంగుతుంది, చివరకు విరుగుతుంది.

మెట్ట, పల్లం

గోదావరి జిల్లాల రైతు భూమిని మెట్ట అని, పల్లమని విభజించి చూస్తాడు. ఈ బల్లను కూడ అట్లే విభజించవలెను. విద్యుత్ సరఫరా పెట్టె, డిస్కులు, తీగల ముడులు మెట్ట. పంపు, నీటిగిన్నె, రేడియేటరు పల్లం. రెండింటిని చెరియొక పక్క పెట్టి, గొట్టపు అతుకు లేవియు విద్యుత్ పెట్టె నెత్తిన పడకుండ చూచుకొనుట ఈ నిర్మాణానికి ప్రాణం. నీరు పల్లమెరుగునని సామెత. కారిన చుక్క ఎటు పోవలెనో కట్టేటప్పుడే నిర్ణయించినవాడు నష్టపడడు. అయినను ఒకచోట నీరు మెట్ట మీదుగా పోక తప్పదు. ప్రాసెసరు మదర్‌బోర్డు నడుమనే ఉన్నది కదా. గన్నవరం వద్ద వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కోనసీమవాసు లెరిగినదే. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలంలో, ఆనకట్ట వెనువెంటనే మొదటి అక్విడక్టు వెలసినది. ఇప్పటి కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినారు. నీటి మీదుగా నీటిని నడిపించుటలో ఉన్న మెలకువయే విద్యుత్తు మీదుగా నీటిని నడిపించుటలోను ఉన్నది. అతుకులు తక్కువగా ఉండవలెను, అతికినచోటు గట్టిగా ఉండవలెను.

నీటిగిన్నె పంపు కన్న ఎత్తున ఉండవలెను. పంపు ఇరుసుకు నీరే కందెన. నీరు లేక తిరిగితే అది త్వరలోనే చెడిపోతుంది. ఆ పైన దిమ్మె ముందా, రేడియేటరు ముందా అని వాదించుకొనేవారున్నారు. లెక్క కట్టితే వాదం తీరుతుంది. నిమిషానికి 4 లీటర్లు పారే నీటిలో 300 వాట్ల వేడి కలిస్తే, ఒక చుట్టులో ఆ నీరు వేడెక్కేది సుమారు ఒక్క డిగ్రీ మాత్రమే. వరుస ఏదైనను ఫలం ఇంచుమించు ఒకటే. అతుకుల మరలు సామాన్యంగా పావంగుళం పైపు మరలే. అయినను కుళాయి పనివారు చుట్టే తెల్లని టేపు ఇక్కడ చుట్టనక్కరలేదు. నీటిని ఆపేది మర కాదు, దాని మొదట ఉన్న రబ్బరు వలయం. చేతితో బిగించి ఆ పైన కొద్దిగా తిప్పితే చాలును. పానాతో బలం చూపితే ప్లాస్టిక్ భాగాలు పగులుతవి.

ఏ నీరు పోయవలెను? రెండు నదుల నడుమ ఉన్న ఊరిలో ఈ ప్రశ్న విడ్డూరంగా తోచవచ్చును. కాని గోదావరి నీరు పైరుకు అమృతం, ఈ యంత్రానికి విషం. అందులోని లవణాలు రాగి చాళ్లలో పొర కడతవి. అర మిల్లీమీటరైనను లేని ఆ చాళ్లు త్వరలో పూడిపోతవి. బోరు నీటికీ ఈ దోషమున్నది. లారీల బ్యాటరీలలో పోసే డిస్టిల్డు వాటరు ఇందుకు తగినది. రహదారి పక్కన బ్యాటరీ దుకాణాలలో దొరుకుతుంది. అక్కడనే ఆమ్లపు సీసాలు కూడ ఉంటవి కనుక పేరు చదివి పుచ్చుకోవలెను. నాచు పట్టకుండ, లోహం తినివేయబడకుండ ఇందుకై అమ్మే మందు కలుపవలెను. మరియొక నియమం: రాగి దిమ్మె ఉన్నచోట అల్యూమినియం రేడియేటరు కూర్చరాదు. రెండు వేరు లోహాలు ఒకే నీటిలో కలిస్తే అదియే ఒక బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం క్రమంగా హరించిపోతుంది.

కూజా చెప్పే పాఠం

నీరు పోసినంత మాత్రాన యంత్రం మంచువలె చల్లబడునని భ్రమపడేవారు కలరు. రేడియేటరు కూజా వంటిది కాదు. కూజా చెమర్చి, ఆ చెమట ఆవిరియై, లోని నీటిని గాలి కన్న చల్లబరుస్తుంది. రేడియేటరు చెమర్చదు, గాలి ఎంత వేడిగా ఉన్నదో అంతకు దిగువకు నీటిని దింపలేదు. గది 40 డిగ్రీలుంటే నీరు 50 దగ్గర నిలుస్తుంది. ప్రాసెసరు 75, 80 మీద నడుస్తుంది. చలిదేశాలవారు చూపే అంకెలతో పోల్చుకొని దిగులుపడనక్కరలేదు. గది వేడి ఎంత పెరిగినదో నీటి వేడి కూడ ఇంచుమించు అంతే పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నానికి సరిపోయేటట్లు రేడియేటరును పెద్దదిగా ఎన్నుకొనుట తెలివి. గట్టి ప్లాస్టిక్ గొట్టాలలో 60 డిగ్రీల వద్ద మెత్తబడజొచ్చే రకాలున్నవి కనుక ఈ ప్రాంతానికి వంగే రబ్బరు గొట్టమే క్షేమం.

ఈ పరిమితి నచ్చక నీటిగిన్నెలో మంచుగడ్డలు వేయబోతే కోనసీమ గాలిలో అంతకు మించిన అపాయం లేదు. గాలి 35 డిగ్రీల వేడి, నూటికి 70 పాళ్ల తేమతో ఉన్నప్పుడు, సుమారు 29 డిగ్రీలకు దిగువన ఉన్న ప్రతి వస్తువు మీదను నీటిబిందువులు కడతవి. చల్లని మజ్జిగ గ్లాసుకు పట్టే చెమట అదియే. అది రాగి దిమ్మె చుట్టు పట్టి బోర్డు మీదికి జారితే, గొట్టం కారకుండనే యంత్రం తడిసిపోతుంది.

అన్నియు అమర్చిన తరువాత అసలు పరీక్ష. మదర్‌బోర్డుకు విద్యుత్తు ఇవ్వక, వేరొక 12 వోల్టుల సరఫరాతో పంపును మాత్రమే నడిపి, ప్రతి అతుకు కింద కాగితపు రుమాలు పరచి, ఒక పగలు ఒక రాత్రి నీటిని తిప్పవలెను. తెరచిన బల్ల మేలు ఇక్కడ బోధపడుతుంది. కాగితం ఎక్కడ తడిసినదో దూరము నుండే కనబడుతుంది. బల్లను అటునిటు వంచి గాలి బుడగలను గిన్నెలోనికి తరుమవచ్చును. తండ్రి అరటితోట మీద వచ్చిన సొమ్ముతో కొన్న యంత్రం ఇరువదినాలుగు గంటల ఓర్పు లేక ఒక్క చుక్కకు బలి కారాదు.

తెరచిన బల్లకు శత్రువులు లేకపోలేదు. మొదటిది దుమ్ము; రెండవది, పేరులో చుట్టరికమున్న బల్లి. గోడ మీది బల్లి జారి మదర్‌బోర్డు మీద పడితే పంచాంగంలో ఫలం వెదకనక్కరలేదు; ఫలం అప్పుడే కనబడుతుంది. చీమలు, పిల్లులు, పసిపిల్లల చేతులు ఆ పిమ్మట. పని లేనప్పుడు పలుచని గుడ్డ కప్పి, నడిపేటప్పుడు తీసివేయుట మంచి అలవాటు. ఉత్తరాలు టైపుచేసే కంప్యూటరుకు ఇంత ఆర్భాటం అనవసరమని కూడ ఒప్పుకొనవలెను; దానికి మంచి పంకా చాలును. గంటల తరబడి కష్టమైన పని చేసే యంత్రానికి, నేర్చుకొనదలచిన మనసుకు మాత్రమే ఈ శ్రమ తగినది.

ఆ నేర్చుకొన్నది ఇంటి గడప దాటి పనికివచ్చే రోజు వచ్చినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ పరిమాణం గల డేటా కేంద్రాన్ని నిర్మించుటకు ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించగలనని ప్రకటించినది. అట్టి కేంద్రాలకు నీరెంత కావలెనన్న చర్చ ప్రపంచమంతటను సాగుతున్నది. బల్ల కట్టినవానికి ఈ ప్రశ్న రెండుగా విడిపోతుంది. చిప్పుల చుట్టు తిరిగే నీరు మూసిన గొట్టాలలోనిది. అది దాదాపు ఖర్చు కాదు. బల్ల మీది నీరు నెలలు గడచినను ఇంచుమించు అంతే ఉంటుంది. ఖర్చయ్యేది ఆ వేడిని బయటి గాలికి అప్పగించేచోట. అక్కడ రేడియేటరు పద్ధతి వాడితే నీరు మిగులుతుంది, విద్యుత్తు ఎక్కువ పోతుంది. కూజా పద్ధతి వాడితే విద్యుత్తు మిగులుతుంది, నీరు ఆవిరియై పోతుంది. ఒక మెగావాట్ వేడిని కేవలం ఆవిరి ద్వారానే పోగొట్టవలెనంటే గంటకు సుమారు 1,500 లీటర్ల నీరు కావలెను. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. కనుక అడుగవలసిన ప్రశ్న నీరెంత అని మాత్రమే కాదు. ఏ పద్ధతి, ఏ నీరు, సముద్రపు నీరా, శుద్ధిచేసిన మురుగునీరా, ప్రజలు తాగే నీరా అన్నది.

కాలువకు నీరు వదిలే తేదీ కోసం ఎదురుచూచి ఆకుమడి పోసుకొనే నేలలో నీటి లెక్క ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు. యంత్రపు లెక్కను మాత్రం నేర్వవలెను. డెల్టాలోని కళాశాలలు ఏటేటా ఇట్టి బల్ల నొకదానిని విద్యార్థులచేతనే కట్టించి, నీరు పోయించి, కారినచోట తుడిపించి, మరల కట్టిస్తే ఆ లెక్క వారి చేతులకు అలవడుతుంది. ఆ చేతులు గల కుర్రవాడు రేపు ఒక సభలో లేచి, ఆ వేడిని ఎక్కడ, దేనితో వదులుతారని అడుగగలిగిననాడు టేకు పలకకు, ఇత్తడి మరలకు పెట్టిన ఖర్చు గిట్టినట్లే.